పైసలెవరియి, పట్టాలెవరియి?

(ఉద్యోగులు, విద్యార్థుల సమావేశంలో ఎంఎంటీఎస్ రైళ్ల మీద చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం ఎంఎంటీఎస్. ఈడ కూసున్నోళ్లల్ల సగం మంది పొద్దుగాల ఏదో ఒక స్టేషన్ల ఆ బండి కోసం నిలబడి మెడలు సాపి చూసినోళ్లే ఉంటరు. అందుకని బండి ఆలస్యమైతున్నదని మీకు మల్ల నేను చెప్పుడు దండుగ. ఎందుకు ఆలస్యమైతది, ఆ బండి ఎవరి చేతుల ఉన్నది, దానికి ఎవరి పైసలు పోయినయి – ఈ మూడు ముచ్చట్లు చెప్త.

ముందుగాల పేరు సంగతి చూద్దాం. ఎంఎంటీఎస్ అంటే మల్టీ మోడల్ ట్రాన్స్‌పోర్ట్ సిస్టం. మల్టీ మోడల్ అంటే ఏంది? ఒక్క రైలు కాదు, రైలు దిగంగనే బస్సు, బస్సు దిగంగనే రైలు, రెంటికీ ఒకటే టికెట్టు, ఒకటే లెక్క. పేరు పెట్టినోళ్ల మనసుల గదే ఉండె. బొంబాయిల లోకల్ అంటరు, మద్రాసుల సబర్బన్ అంటరు. మన దగ్గర మాత్రం ఇంత పొడుగు పేరు పెట్టిండ్రు. పేరుల రెండున్నయి, పట్టాల మీద ఒకటే ఉన్నది. బస్సు ఎటు పోయింది? ఇది తెల్వాలంటే జర వెనుకకు పోవాలె.

మన గడ్డ మీదికి రైలు వచ్చింది 1874ల. వాడి నుంచి సికింద్రాబాద్ దాక లైన్ వేసిండ్రు. బొంబాయి నుంచి మద్రాసు పోయే పెద్ద లైన్ వాడి మీదుగ పోతది, దానికి మనల్ని కలిపిండ్రు. బేగంపేట, సనత్‌నగర్, లింగంపల్లి మీదుగ ఇయ్యాల మీరు ఎక్కే ఎంఎంటీఎస్ పోయేది ఆ దారిలనే. లైన్ పట్నానికి రాలేదు, సికింద్రాబాద్‌కు వచ్చింది సూడుండ్రి. సికింద్రాబాద్‌ల ఇంగ్లీషోళ్ల దండు ఉండె. దండుకు రైలు కావాలె, పైసలు మాత్రం హైదరాబాద్ ఖజానా నుంచి రావాలె. మొదటి సాలార్ జంగ్ దివాన్‌గ ఉన్న కాలమది.

ఆ తర్వాత ఇంకో కథ నడిచింది, ఇది మన విద్యార్థులు తప్పకుండ చదువుకోవాలె. ఈ లైన్‌ను బెజవాడ దిక్కు, చాందా దిక్కు పొడిగించాలని లండన్‌ల ఒక కంపెనీ పెట్టిండ్రు. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే దాని పేరు. గ్యారంటీ అంటే ఏంది? కంపెనీకి లాభం వచ్చినా రాకున్నా, పెట్టుబడి పెట్టిన లండన్ షేర్‌దార్లకు వడ్డీ ఇచ్చే పూచీ హైదరాబాద్ రాజ్యానిది. నష్టమైతే మన రైతు కట్టిన శిస్తుల నుంచి పోతది. ఈ ఒప్పందంల ఏమున్నదో జనానికి చెప్పాలని 1883ల అఘోరనాథ్ చట్టోపాధ్యాయ లాంటి వాళ్లు అడిగిండ్రు. ఆయన నిజాం కాలేజీ తొలి ప్రిన్సిపాల్, సరోజినీ నాయుడు తండ్రి. ముల్లా అబ్దుల్ ఖయ్యూం కూడ ఆ లొల్లిల ఉండె. అడిగినందుకు అఘోరనాథ్‌ను రాజ్యం నుంచే ఎల్లగొట్టిండ్రు. తర్వాత మల్ల రానిచ్చిండ్రు, అది వేరే ముచ్చట. హైదరాబాద్‌ల జనం గుమికూడి సర్కారును లెక్క అడిగిన తొలి సందర్భాలల్ల ఇదొకటి. అది రైలు గురించే అయింది. కట్టేది ఒకరు, నడిపేది ఇంకొకరు అన్న తకరారు మనకు ఇయ్యాలటిది కాదు, నూట నలభై ఏండ్లది.

నాంపల్లి స్టేషన్ 1907ల కట్టిండ్రు. కాచిగూడ స్టేషన్ 1916ల అయింది. ఆ గుమ్మటాల కింద నిలబడి టికెట్ తీసుకుంటుంటే అది ఒకప్పుడు నిజాం రైల్వేకు పెద్ద దఫ్తర్ అని చాలామందికి యాది ఉండదు. కాచిగూడ దిక్కు మీటరు గేజి, నాంపల్లి దిక్కు బ్రాడ్‌గేజి. ఒకటే పట్నంల రెండు కొలతల పట్టాలు. మీటరు గేజి పట్టాలు తీసి బ్రాడ్‌గేజి వేసేదాక ఫలక్‌నుమా నుంచి లింగంపల్లికి ఒకటే బండిల పోవుడు అన్నది సాధ్యమే కాదు. ఎంఎంటీఎస్ ఆలస్యంగ వచ్చిందంటే దానికి ఇది కూడ ఒక కారణం.

1930ల నిజాం సర్కారు ఆ కంపెనీని కొనేసింది. రైలు రాజ్యం చేతికి వచ్చింది. రెండేండ్లకే, 1932ల, అదే రైల్వే కింద రోడ్డు రవాణా శాఖ పెట్టి 27 బస్సులు, 166 మంది నౌకర్లతోని బస్సులు నడుపుడు షురూ చేసిండ్రు. ఇయ్యాలటి ఆర్టీసీకి పునాది అది. రైలు లేని ఊరికి బస్సు పోవాలె, బస్సు తెచ్చిన మనిషిని రైలు అందుకోవాలె – ఇట్ల ఆలోచించి పెట్టిండ్రు. రాజరికం గొప్పదని నేను అంటలేను, ఆ రాజ్యంల జనం పడ్డ గోస మనకెరికే. కాని మల్టీ మోడల్ అని ఇయ్యాల పెద్ద పెద్ద సదస్సులల్ల చెప్పేది, ఆ పేరు లేకుండనే 1932ల ఈ పట్నంల ఉండె. రైలుకు, బస్సుకు మాలిక్ ఒకడే.

ఆ జోడి ఎప్పుడు విడిపోయింది? 1950ల నిజాం రైల్వే కేంద్రానికి పోయింది. 1951ల బస్సుల శాఖను హైదరాబాద్ రాష్ట్ర సర్కారు కిందికి తెచ్చిండ్రు. ఆంధ్రప్రదేశ్ అయినంక 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ పుట్టింది. 1966 అక్టోబర్ 2న సికింద్రాబాద్ కేంద్రంగ దక్షిణ మధ్య రైల్వే పుట్టింది. రైలు ఢిల్లీది, బస్సు రాష్ట్రానిది. రెండు దఫ్తర్లు ఒకటే పట్నంల ఉన్నయి, కాని ఒకరి టైంటేబుల్ ఒకరికి పట్టదు. ఇద్దరు తోడికోడండ్లు ఒకటే ఇంట్ల రెండు పొయ్యిలు పెట్టుకున్నట్టు.

ఇగ ఎంఎంటీఎస్‌కు వద్దాం. 2003 ఆగస్టు 9న అప్పటి ఉప ప్రధాని ఎల్.కె. అద్వానీ జెండా ఊపిండు. సికింద్రాబాద్ నుంచి, నాంపల్లి నుంచి లింగంపల్లికి బండ్లు మొదలైనయి. 2004ల ఫలక్‌నుమా లైన్ కూడ కలిసింది. మొదటి దశ ఖర్చు 178 కోట్లు. అండ్ల సగం రైల్వేది, సగం రాష్ట్రానిది. నలభై కిలోమీటర్ల పైచిలుకు దారి, ఇరవై ఆరు, ఇరవై ఏడు స్టేషన్లు.

178 కోట్లు అంటే ఎంత తక్కువనో ఆలోచించుండ్రి. ఈ పట్నంల ఒక పెద్ద ఫ్లైఓవర్ ఖర్చు ఇప్పుడు అంతకంటే ఎక్కువైతది. అంత సస్తాల ఎట్ల అయింది? ఎందుకంటే కొత్త పట్టాలు వెయ్యలేదు. ఉన్న లైన్‌కు కరెంటు తీగలు గుంజిండ్రు, ప్లాట్‌ఫారాలు సరిచేసిండ్రు, నెక్లెస్ రోడ్డు, హైటెక్ సిటీ లాంటి కొత్త స్టేషన్లు కట్టిండ్రు, బండ్లు తెచ్చిండ్రు. మంచి పనే. అగ్గువకు అయ్యే పని. ఆర్ట్స్ కాలేజీ స్టేషన్ల దిగిన పిల్లగాడు నడుసుకుంట క్లాసుకు పోతడు. యాకుత్‌పురా, డబీర్‌పురా, ఉప్పుగూడ నుంచి కూలికి, దుకాణంల పనికి, దవాఖాన డ్యూటీకి పోయేటోళ్లు అదే బండి ఎక్కుతరు. చందానగర్, హఫీజ్‌పేట నుంచి కంప్యూటర్ ఉద్యోగులు ఎక్కుతరు. సచివాలయంల పనిచేసేటోళ్లు లక్డీకాపుల్‌ల, ఖైరతాబాద్‌ల దిగుతుండిరి. పాత బస్తీని, హైటెక్ సిటీని ఒకటే డబ్బాల కూసబెట్టిన బండి ఇది. కనీస టికెట్టు అయిదు రూపాయలు. చాయ్ కంటే అగ్గువ.

కాని అగ్గువకు అయిన పనిలనే దాని రోగం కూడ ఉన్నది. సొంత పట్టాలు లేవు. నేను చెప్పే అసలు ముచ్చట ఇది, జర ఓపికతోని వినుండ్రి.

ఎంఎంటీఎస్ బండిని ఈఎంయూ అంటరు. దానికి వేరే ఇంజన్ ఉండదు, డబ్బాలల్లనే మోటార్లు ఉంటయి, రెండు కొసలకు డ్రైవర్ క్యాబిన్లు ఉంటయి. లింగంపల్లికి పోయినంక ఇంజన్ తిప్పుకునే పని లేదు, డ్రైవర్ ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి పోతే సాలు, బండి వాపసు బయలుదేరుతది. జల్ది ఉరుకుతది, జల్ది ఆగుతది. రెండు కిలోమీటర్లకొక స్టేషన్ ఉన్నకాడ అసొంటి బండే కావాలె. బండ్లు చూసుకునే షెడ్డు మౌలాలిల ఉన్నది. బండిల తప్పు లేదు.

తప్పు ఏడున్నదంటే, బేగంపేట నుంచి లింగంపల్లి దిక్కు పోయే లైన్ బొంబాయి దిక్కు పోయే ఎక్స్‌ప్రెస్‌లది. వికారాబాద్ మీదుగ కర్ణాటక దిక్కు, రాయలసీమ దిక్కు పోయే బండ్లది. గూడ్స్ బండ్లది. పోను ఒకటి, రాను ఒకటి, రెండే పట్టాలు. ఎక్స్‌ప్రెస్ నడుమ ఆగకుండ పోవాలె. ఎంఎంటీఎస్ ప్రతి రెండు కిలోమీటర్లకు ఆగాలె. ఒకటే పట్టా మీద ముందు ఎంఎంటీఎస్ పోతే ఎనుక ఎక్స్‌ప్రెస్ దేకుతది. ఎక్స్‌ప్రెస్‌ను ముందు పంపాల్నంటే ఎంఎంటీఎస్‌ను పక్కకు నిలబెట్టాలె. నాంపల్లి నుంచి వచ్చే పట్టాలు, సికింద్రాబాద్ నుంచి వచ్చే పట్టాలు హుస్సేన్‌సాగర్ జంక్షన్ కాడ కలుస్తయి. అక్కడ ఒకరు పోవాలంటే ఇంకొకరు ఆగాలె. సికింద్రాబాద్‌ల ప్లాట్‌ఫారం ఖాళీ కాకపోతే బండి బయటనే నిలబడ్తది. దాన్నే మనం ఔటర్‌ల ఆపిండ్రు అంటం.

కంట్రోల్ ఆఫీసుల కూసున్న మనిషి చెడ్డోడు కాదు. ఆయన ముందల రెండు బండ్లున్నయి. ఒకటి వెయ్యి కిలోమీటర్ల దూరం నుంచి వచ్చిన ఎక్స్‌ప్రెస్, అది ఆలస్యమైతే నాలుగు డివిజన్లు ఫోన్లు చేస్తయి. ఇంకోటి ఉప్పుగూడ నుంచి వచ్చిన ఎంఎంటీఎస్, అది ఆలస్యమైతే మీరు ప్లాట్‌ఫారం మీద తిట్టుకుంటరు, ఆ తిట్టు ఆయనకు వినబడది. ఆయన ఏ బండిని పంపుతడో మనం అర్థం చేసుకోవచ్చు. బొంబాయిల ఇట్ల ఎందుకు కాదంటే, ఆడ చాలా దూరం లోకల్ బండ్లకు వేరే పట్టాలున్నయి, స్లోకు ఒక జత, ఫాస్టుకు ఒక జత. 1925ల్నే ఆడ కరెంటు లోకల్ నడిచింది. అప్పటి నుంచి పట్టాలు పెంచుకుంటనే వచ్చిండ్రు.

ఒకటే చోట రెండు తీర్ల బండ్లు నడిపితే ఏం ముప్పు ఉంటదో 2019 నవంబర్ 11న కాచిగూడల చూసినం. స్టేషన్ల ఉన్న కర్నూలు–సికింద్రాబాద్ హంద్రీ ఎక్స్‌ప్రెస్‌కు ఎంఎంటీఎస్ ఎదురుంగ పోయి గుద్దుకున్నది. ఎంఎంటీఎస్ డ్రైవర్ క్యాబిన్‌ల ఇరుక్కపోతే గంటల తరబడి ఇనుము కోసి బయటికి తీసిండ్రు. కొన్ని దినాలకు ఆయన దవాఖానల పానం ఇడిసిండు. ఇగ ఆ రోజు జనం ఎక్కువ పానాలతోని బయటపడ్డది స్టేషన్ల బండి నెమ్మదిగ పోతున్నందుకే అనుకోవాలె.

ఈ బండికి మన ఉద్యమంతోని కూడ సంబంధం ఉన్నది. 2011 సకల జనుల సమ్మె కాలంల రైల్ రోకోకు పట్టాల మీద కూసున్నోళ్లు ఈ సభల కూడ ఉండొచ్చు. 2012 సెప్టెంబర్ 30న సాగరహారం నాడు జనం నెక్లెస్ రోడ్డుకు రాకుండ ఎంఎంటీఎస్ బండ్లు బంద్ పెట్టిండ్రు. ఈ బండి ఎంతమందిని మోస్తదో, ఎవరిని మోస్తదో అప్పటి సర్కారుకు మంచిగ ఎరికే. బంద్ పెట్టాలన్నప్పుడు యాదికొచ్చిన బండి, నడపాలన్నప్పుడు యాదికి రాలే.

రెండో దశ ముచ్చట చెప్త. 2012–13ల మంజూరైంది. 800 కోట్ల పైచిలుకు అంచనా. ఈసారి సగం సగం కాదు, మూడు వంతులల్ల రెండు వంతులు రాష్ట్రం, ఒక వంతు రైల్వే. ఒప్పందం రాసిన నాడు ఉమ్మడి రాష్ట్రం. 2014 జూన్ 2 అయినంక ఆ రెండు వంతుల భారం తెలంగాణ సర్కారు మీదికి వచ్చింది. ఇండ్ల ఏమేమున్నయి? సికింద్రాబాద్–బొల్లారం–మేడ్చల్ 28 కిలోమీటర్లు, ఫలక్‌నుమా–ఉందానగర్, సనత్‌నగర్–మౌలాలి 22 కిలోమీటర్లు, మౌలాలి–ఘట్‌కేసర్ కొత్త పట్టాలు, తెల్లాపూర్–రామచంద్రాపురం. ఈ చిట్టా చదివితే పట్నం చుట్టు ఒక వల పరిచినట్టు కనబడ్తది. కాగితం మీద మస్తు మంచి ప్లాన్. నేను దీన్ని మెచ్చుకుంటనే ఉంట.

నడిచింది ఎప్పుడు? మేడ్చల్‌కు, ఉందానగర్‌కు బండ్లు 2023 ఏప్రిల్ 8న ప్రధాని జెండా ఊపితే మొదలైనయి. సనత్‌నగర్–మౌలాలి మీదుగ ఘట్‌కేసర్–లింగంపల్లి బండి 2024 మార్చి 5న మొదలైంది. మంజూరైన పది, పదకొండేండ్లకు. నడుమ ఏం జరిగింది? రైల్వేనేమో రాష్ట్రం తన వాటా కడ్తలేదు అన్నది. రాష్ట్రమేమో కడ్తం అన్నది, మెట్రో దిక్కు, రోడ్ల దిక్కు మర్రింది. సనత్‌నగర్–మౌలాలి లైన్ పోయేకాడ రక్షణ శాఖ భూములున్నయి, వాటి అనుమతులు ఏండ్లు పట్టినయి. ఢిల్లీ సర్కారు, పట్నం సర్కారు ఎప్పుడు జెండా ఊపాల్నో, ఎవరు ఊపాల్నో చూసుకున్నయి.

ఈడ ఒక మాట కటువుగ చెప్పాలె. నిధులు, నీళ్లు, నియామకాలు అని కొట్లాడినోళ్లం మనం. మన నిధులు మనకే కావాలన్నం. నిధులు మన చేతికొచ్చినంక, మొదట మన సర్కారు ఏం చెయ్యాలె? అయిదు రూపాయల టికెట్టుతోని పోయే మనిషి బండికి కట్టాల్సిన వాటా కట్టాలె. ఉమ్మడి రాష్ట్రంల వాటా కట్టకపోతే వివక్ష అన్నం. మన రాష్ట్రంల కట్టకపోతే దానికి ఏం పేరు పెట్టాలె? వేరే పేరు నాకు దొరుకుతలేదు. పార్టీ ఏదైనా ఇదే మాట.

ఒక ముక్క అయితే మొత్తానికే రాలేదు. ఉందానగర్ నుంచి శంషాబాద్ విమానాశ్రయం దాక ఆరు కిలోమీటర్లు. రెండో దశ ప్లాన్‌ల ఉండె, తీసి పక్కకు పెట్టిండ్రు. విమానాశ్రయం 2008ల మొదలైంది. ఆడ విమానం ఎక్కేటోళ్లకు కార్లున్నయి, బస్సులున్నయి. కాని ఆడ సామాన్లు మోసేటోళ్లు, ఊడ్చేటోళ్లు, క్యాంటీన్ల పనిచేసేటోళ్లు, సెక్యూరిటీ డ్యూటీ చేసేటోళ్లు వేల మంది ఉన్నరు. రైలు వాళ్లకు కావాలె. విమానాశ్రయానికి మెట్రో అంటరు, దాని లెక్క వేల కోట్లు. ఆరు కిలోమీటర్ల రైలు పట్టా గురించి ఎవ్వరు మాట్లాడరు. యాదాద్రికి కూడ అట్లనే. ఘట్‌కేసర్ నుంచి 33 కిలోమీటర్ల పొడిగింపు అని 2016 నుంచి వింటున్నం. దాని పైసలు రాష్ట్రం ఇయ్యాల్నా, కేంద్రం ఇయ్యాల్నా అన్నకాడనే ఏండ్లు గడిచినయి.

కొత్త లైన్లు వచ్చినయి గద, ఇగ సంబురపడొచ్చు గద అని అడుగుతరు. లైన్ వచ్చుడు వేరు, బండ్లు వచ్చుడు వేరు. 2020 మార్చిల కరోనా కోసం ఎంఎంటీఎస్ బంద్ పెట్టిండ్రు. బస్సులు నడిచినయి, మెట్రో సెప్టెంబర్‌ల నడిచింది, దూరం బండ్లు నడిచినయి. ఎంఎంటీఎస్ మాత్రం 2021 జూన్ 23 దాక, పదిహేను నెలలు, షెడ్డుల పడి ఉన్నది. మల్ల మొదలైనప్పుడు రోజుకు పది ట్రిప్పులే. కరోనాకు ముందు 121 ట్రిప్పులు తిరుగుతుండె, లక్షన్నర మంది దాక ఎక్కుతుండిరి. ఆ పదిహేను నెలలల్ల ఏమైంది? పాసు కొనుక్కునే మనిషి బండి లేదని మోటరు సైకిల్ కిస్తీల మీద తెచ్చుకున్నడు. మోటరు సైకిల్ ఒకసారి ఇంట్లకు వచ్చినంక మల్ల రైలు దిక్కు ఎవరు చూస్తరు?

దీని లెక్క మస్తు సులువు. బండి పదిహేను నిమిషాలకొకటి ఉంటే మనం టైం చూసుకోకుండ స్టేషన్‌కు పోతం. నలభై నిమిషాలకొకటి ఉంటే టైం చూసుకొని పోతం. ఆ నలభై నిమిషాల బండి కూడ ఒకనాడు వచ్చి, ఒకనాడు రద్దయితే ఇగ పోనే పోం. జనం ఎక్కుతలేరని ట్రిప్పులు తగ్గిస్తరు, ట్రిప్పులు తగ్గినయని జనం ఎక్కరు. ఆదివారం ఆదివారం పనులున్నయని రద్దులు చేస్తరు. మరి ఆదివారం డ్యూటీ ఉన్న నర్సు ఏం చెయ్యాలె? నష్టాలొస్తున్నయి అంటరు. లోకల్ బండ్లు టికెట్టు పైసలతోని గిట్టుబాటైన పట్నం ఈ దేశంల ఏది లేదు. బొంబాయిల కూడ రైల్వే నష్టానికే నడుపుతది. అయినా నడుపుతది, ఎందుకంటే ఆ బండి ఆగితే పట్నమే ఆగుతది. మన దగ్గర ఎంఎంటీఎస్ పదిహేను నెలలు ఆగితే పట్నం ఆగలేదు. దాన్ని చూసి రైల్వే వాళ్లు ఇది అంత అవసరం లేదనుకున్నట్టున్నరు. మనం చూడాల్సింది ఏందంటే, ఆ పదిహేను నెలల ఖర్చు పట్నం మీద కాదు, ఒక్కొక్క ఇంటి మీద పడ్డది.

ఇప్పుడు మెట్రో ఉన్నది గద అంటరు. 2017 నవంబర్‌ల మొదలై 69 కిలోమీటర్లు అయింది. మంచిది. బేగంపేటల, ఖైరతాబాద్‌ల, భరత్‌నగర్‌ల, మలక్‌పేటల ఎంఎంటీఎస్ స్టేషన్ పక్కనుంచే మెట్రో పోతది. పక్కనుంచి పోతది గాని కలువది. టికెట్టు వేరు, మెట్లు వేరు, టైం వేరు. మెట్రో పోనికాడ – మేడ్చల్, ఘట్‌కేసర్, ఉందానగర్, లింగంపల్లి అవతల – కిరాయిలు అగ్గువున్నయని పోయి ఉంటున్నోళ్లు ఎవరు? చిన్న ఉద్యోగులు, కాంట్రాక్టు ఉద్యోగులు, చదువుకునే పిల్లలు. వాళ్ల బండి ఎంఎంటీఎస్. 2023 డిసెంబర్ నుంచి ఆడబిడ్డలకు ఆర్టీసీల ఉచితం అయింది. మంచి పని. కాని మేడ్చల్ నుంచి ఎంఎంటీఎస్ ఎక్కే ఆడబిడ్డ ఇప్పుడు పైసలు పెట్టి గంటకొక్క రైలు కోసం ఎందుకు ఆగుతది? ఒక్కొక్కరు ఒక్కొక్క దిక్కు గుంజితే ఇట్లనే ఉంటది. గదే ఒకరు కూసొని లెక్క చేస్తే బస్సును మేడ్చల్ ఊర్ల నుంచి స్టేషన్‌కు తిప్పొచ్చు, రైలును పట్నానికి తిప్పొచ్చు.

ఆ కూసునే ఒకరు ఎవరు? 2008ల యూనిఫైడ్ మెట్రోపాలిటన్ ట్రాన్స్‌పోర్ట్ అథారిటీ అని పెట్టిండ్రు. పేరు పెట్టుడుల మనం వెనుకబడలే. దానికి అధికారాలు ఇయ్యలే, పైసలు ఇయ్యలే. ఎంఎంటీఎస్‌కు, సిటీ బస్సుకు కలిపి నెల పాసు ఇచ్చిండ్రు, అది మంచి మొదలు. ఫీడర్ బస్సులు కూడ కొన్ని వేసిండ్రు. కాని రైలు టైం మారినప్పుడు బస్సు టైం మారాలె గద, అది ఎవరి డ్యూటీ? ఎవరిది కాదు.

బొంబాయిల 1999ల రైల్వే, మహారాష్ట్ర సర్కారు కలిసి ఒక కార్పొరేషన్ పెట్టుకున్నయి. లోకల్ లైన్ల పెంపు పని దానిది. బెంగళూరుల సబర్బన్ రైలు కోసం కర్ణాటక, రైల్వే కలిసి కంపెనీ పెట్టుకొని, 148 కిలోమీటర్లు సొంత పట్టాలతోని వెయ్యాలని 2022ల పని మొదలుపెట్టినయి. ఆడ కూడ ఆలస్యాలున్నయి, కోర్టులున్నయి, నేను దాన్ని స్వర్గమని చెప్తలేను. కాని రాష్ట్రానికి ఆడ బోర్డుల కుర్చీ ఉన్నది. మనం మూడింట రెండు వంతులు కట్టాల్సినోళ్లం. మన కుర్చీ ఏది? రేపు పొద్దుగాల ఎనిమిది గంటల బండి రద్దు చెయ్యాల్నా వద్దా అంటే రాష్ట్రాన్ని అడిగేటోళ్లు ఎవరు లేరు. 1883ల అఘోరనాథ్ అడిగిన ప్రశ్న ఇదే గద. పూచీ మనది, పెత్తనం ఎవరిది అని.

ఇప్పుడు ఒక మోక వచ్చింది. ఆర్టీసీ రాష్ట్రానిదే. 2025 సెప్టెంబర్‌ల మెట్రో మొదటి దశను కంపెనీ నుంచి తీసుకుంటనని రాష్ట్ర సర్కారు ఒప్పుకున్నది. ఇగ మిగిలింది ఎంఎంటీఎస్. ఇంకో దిక్కు 2025 జనవరి 6న చర్లపల్లి టెర్మినల్ మొదలైంది. దూరం బండ్లు కొన్ని సికింద్రాబాద్‌కు రాకుండ చర్లపల్లిలనే ఆగుతయి. సికింద్రాబాద్‌ల ప్లాట్‌ఫారం ఖాళీ అయితే, ఆ ఖాళీ ఎవరికి పోవాలె? ఇంకో ఎక్స్‌ప్రెస్‌కు పోతదా, ఎంఎంటీఎస్‌కు వస్తదా? ఇది ఇప్పుడు అడగకపోతే, ఇంకో పదేండ్లకు అడిగి లాభం లేదు. చర్లపల్లిల అర్ధరాత్రి సామాను పట్టుకొని దిగినోళ్లు ఆటోకు అడిగినంత ఇచ్చి పట్నంలకు రావాలె. ఆ లైన్ మీద ఎంఎంటీఎస్ తీగలున్నయి, పట్టాలున్నయి. బండి పెట్టాలె, అంతే.

యూనియన్లల్ల ఉన్న అన్నలకు ఒక పని చెప్త. ప్రతి స్టేషన్ల ఒక నెల దినాలు, పొద్దుగాల ఏడు నుంచి పది దాక, సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాక, ఏ బండి ఎన్ని గంటలకు రావాలె, ఎన్నింటికి వచ్చింది, ఏది రద్దయింది, ఒక నోటుబుక్కుల రాయుండ్రి. ఆర్ట్స్ కాలేజీ, జామై ఉస్మానియా, విద్యానగర్ స్టేషన్లు మన విద్యార్థులు చూసుకుంటరు. లింగంపల్లి సెంట్రల్ యూనివర్సిటీ పిల్లలు చూసుకుంటరు. మేడ్చల్, ఉందానగర్, ఘట్‌కేసర్ స్టేషన్లకు మనుషులు తక్కువున్నరు, పేర్లు ఇచ్చేటోళ్లు సభ అయినంక ఇక్కడనే ఆగుండ్రి. ఆ లెక్క ఒక కాపీ రైల్ నిలయంకు, ఒక కాపీ సచివాలయంకు ఇద్దాం. వచ్చే సోమవారం నుంచే మొదలుపెడ్దాం, మొదటి బండి నుంచి.